పిడికెడు నూకలు: దాసోహమా, వినోదమా?

శివరాత్రికి చలి 'శివశివా' యనుచు వెడలిపోవునని మన పెద్దల మాట. రథసప్తమి దాటినది మొదలు ఎండ చుఱుకెక్కును; కంబళ్ళు మడతలు పడును. కాని ఒక్కొక్క యేట ఈ లెక్క తప్పును. ఉత్తరపు గాలి మరల తిరిగి, వీడ్కొలిపిన చలియే వెనుకకు వచ్చి వాకిట నిలుచును. సముద్రమట్టమునకు సుమారు 600 మీటర్ల ఎత్తున నున్న మా జహీరాబాదు ప్రాంతమున కిది క్రొత్త గాదు. కోహీరు వంటి చోట్ల రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపునకు దిగుట ఇటీవలి యేండ్లలో పలుమార్లు నమోదైనది.

అట్టి యొక మాఘమాసపు ఉదయమున ఇష్టలింగార్చన ముగించి పెరటిలోనికి వచ్చితిని. వేపకొమ్మ మీద ఏడెనిమిది పిచ్చుకలు ఈకలు ఉబ్బించుకొని, దూదియుండలవలె కదలక మెదలక కూర్చుండి యున్నవి. లోనికి పోయి పిడికెడు నూకలు తెచ్చి చల్లితిని. అంతే జరిగినది. అంత చిన్న పని మీద ఇంత వ్యాసమెందుకని పాఠకులడుగ వచ్చును. ఆ పిడికెడు నూకలు నన్నొక ప్రశ్న అడిగినవి. నేను చేయునది దాసోహమా, లేక వినోదమా?

ముందుగా ఆ పక్షి స్థితిని తెలిసికొందము. పిచ్చుక బరువు 25, 30 గ్రాముల ప్రాంతమున నుండును. దాని దేహపు వేడిమి సుమారు 41 డిగ్రీలు. మానవదేహమున కంటె నాలుగు డిగ్రీలెక్కువ. దేహము చిన్నదగు కొలది, దాని బరువుతో పోల్చినపుడు గాలికి సోకు పైభాగము ఎక్కువగును. కావున చిన్న ప్రాణి త్వరగా చల్లబడును. ఈకలు ఉబ్బించుట అందము కొఱకు గాదు, వాని నడుమ గాలిని నిలిపి వెచ్చదనమును కాపాడుకొనుట కొఱకు. రాత్రి అది మేయజాలదు. పగలు తిన్న గింజయే రాత్రియెల్ల పొయ్యిలోని కట్టెయై మండవలెను. రాత్రి పొడుగై, చలి హెచ్చిన కొలది ఆ కట్టె త్వరగా తరుగును. ఆ దినములలో కందిచేలు కోతలై యుండును. పురుగు చలికి దాగును. కంకి పట్టిన జొన్నకు కావలి యుండును. మా ప్రాంతపు చలి పిచ్చుకను చంపునని నేననను. కాని తెల్లవారునప్పటి దాని ఆకలి మనము పూట తప్పినప్పటి ఆకలి వంటిది కాదని మాత్రము చెప్పగలను.

మొదటి దినమున ఏడెనిమిది వచ్చిన పిచ్చుకలు వారము గడచునప్పటికి ముప్పది యైనవి. వెంట రెండు గోరువంకలు వచ్చినవి. పికిలిపిట్ట యొకటి వచ్చి గింజ ముట్టక, అరటిపండు ముక్కకై వేచియుండెను. నేను కుర్చీ వేసికొని, చాయ్ గ్లాసు చేతబట్టి చూచుచుంటిని. మగపిచ్చుక మెడక్రింది నలుపు, ఆడుదాని బూడిదవన్నె, పెద్దది చిన్నదానిని నెట్టుట, చిన్నది తప్పించుకొని ప్రక్కగా వచ్చుట: ఇవన్నియు చూచి యానందించితిని. కాకులు రాగానే మాత్రము లేచి, గులకరాయి విసరి తరిమితిని.

ఎనుబదియేండ్లు దాటిన మా తల్లి గడపలో కూర్చుండి యిది చూచుచుండెను. ఒకనాడు నన్ను పిలిచి, "బిడ్డా, నువ్వు పిట్టలకు పెడుతున్నవా, నీ కండ్లకు పెట్టుకుంటున్నవా?" అని యడిగెను. నాకు బదులు తోచలేదు.

శరణ బంధువులారా! కాకిని తక్కువగా చూచుట మన సంప్రదాయమునకే విరుద్ధము. అన్నమును చూచినపుడు తానొక్కతియే తినక తన బలగమునెల్ల పిలుచుకొను కాకి గుణమును బసవేశ్వరుడు ఒక వచనమున భక్తులకు ఆదర్శముగా చూపెను. ఆ కాకినే నేను రాయి విసరి తరుముచున్నాను. ఎందుకు? దాని రంగు నల్లన, గొంతు కటువు. పిచ్చుక ముద్దుగా నున్నది. అనగా ఆకలిని చూచి గాక, అందమును చూచి వడ్డించుచున్నాను. వచ్చినవాని కులమడుగరాదని బోధించిన గురువునకు శిష్యులమై, వచ్చిన పిట్ట రంగు నడుగుచున్నాము!

దానమునకును దాసోహమునకును భేద మిచ్చటనే యున్నది. దానమున ఇచ్చువాడు పైన, పుచ్చుకొనువాడు క్రింద. ఎవరికి ఈయవలెనో, ఎంత ఈయవలెనో, ఎప్పుడు ఆపవలెనో ఇచ్చువాని ఇష్టము. దాసోహమను మాటలోనే 'నేను దాసుడను' అను నర్థము కలదు. సేవకుడు అతిథిని ఏరుకొనడు. తాను వడ్డించినందుకు చూపులతో వెల రాబట్టుకొనడు. 12వ శతాబ్దమున కల్యాణపట్టణమున బసవేశ్వరుని మహామనె నిత్యదాసోహమునకు నెలవైనది ఈ భావము మీదనే గదా! పక్షి జంగమస్వరూపమని నేననుట లేదు. జంగమసేవకు లక్షణము వేరు. కాని ఆ సేవ మన చేతికి నేర్పిన వినయము పెరటిలోనికి రాగానే జారిపోరాదని మాత్రమే నా మనవి.

చలి యింకను తగ్గకమునుపే బంధువుల యింట కల్యాణము వచ్చినది. ఇంటిల్లిపాదియు బసవకల్యాణమునకు పోయి మూడు దినములుంటిమి. అక్కడ అనుభవమంటపమును గూర్చి చెప్పుకొంటిమి, దాసోహమును గూర్చి పెద్దల ప్రసంగములు వింటిమి. నూకల సంగతి నాకొక్క పర్యాయమైనను తలపునకు రాలేదు. తిరిగి వచ్చిన సాయంకాలము పొరుగింటి ఇల్లాలు గోడ మీదుగా పలుకరించి, "మీ పిట్టలు పొద్దుగాల్నే వచ్చి గోడ మీద కూసుండి పోతున్నయి సారూ. చూడలేక ఇయాల నేనే ఇన్ని జొన్నలు చల్లిన" అనెను.

'మీ పిట్టలు' అను మాట నన్ను నొప్పించినది. కుర్చీ వేసికొని చూచినంత కాలము అవి నావి; కల్యాణమునకు పోయినపుడు ఎవరివియు గావు. రోజూ ఒక వేళకు ఒక చోట గింజ వేసి, రమ్మని అలవాటు చేసినది నేను. చలిరాత్రి గడపి, వెలుతురు రాగానే వేఱొక తావునకు పోయి వెదుకుకొనవలసిన ఆ కొంచెపు సమయమును నా గోడ మీద వ్యర్థపుచ్చినవి. పిలువకుండుట తప్పు గాకపోవచ్చును; పిలిచి, విస్తరి వేసి, తలుపు మూసుకొనుట తప్పు. ఆ యిల్లాలు ఏ ప్రసంగమును వినలేదు, కుర్చీ వేసికొనలేదు. చూడలేక చల్లినది. ఆమెది దాసోహము, నాది అంతవఱకు వినోదము.

ఇక కొందఱి యాక్షేపణలు విచారింతము. నారు పోసినవాడు నీరు పోయడా, శివుడు చూచుకొనును, మన జోక్య మెందుకని కొంద ఱందురు. నిజమే. కాని ఆ శివుడు చేసిన ఏర్పాటును మనమెంతవఱకు ఉండనిచ్చితిమి? పెంకుటిండ్ల చూరులలో గూళ్ళు కట్టుకొన్న పిచ్చుకకు స్లాబు ఇంటిలో సందు లేదు. దాని పిల్లలు మొదటి దినములలో ముఖ్యముగా పురుగులను తిని పెరుగును. ఆ పురుగును మనము మందు చల్లి చంపితిమి. 2010 నుండి మార్చి 20వ తేదీని ప్రపంచ పిచ్చుకల దినముగా జరుపుకొనవలసి వచ్చినదన్నచో, ఇంటిపిట్ట ఇంటికి ఎంత దూరమైనదో తెలియుచున్నది. తీసికొన్నవాడు కొంత తిరిగి యిచ్చుట జోక్యము గాదు, బాకీ.

మనుష్యులే ఆకలిగొని యుండగా పక్షులకు పెట్టుట యేమని మఱి కొందఱు. ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. పక్షి సులువైన అతిథి. అది మన కుర్చీలో కూర్చుండదు, ఎదురు మాటాడదు, రేపటికి అప్పడుగదు. ఉదయము పిట్టలకు చల్లి, మధ్యాహ్నము వాకిట నిలిచిన మనుష్యుని కసరి పంపినచో ఆ నూకలు వ్యర్థము. పిట్టకు పెట్టిన చేయి మనిషికి పెట్టుటకు మఱింత త్వరపడినప్పుడే దానికి సార్థకత.

మూడవ యాక్షేపణ మా పొరుగు రైతుది, అన్నిటి కంటె గట్టిది. "పొద్దుగాల మీ ఇంట్ల తిని, పగటీలి నా చేన్ల తింటున్నయి సారూ" అని నవ్వెను. ఆయన మంచె మీద నిలిచి వడిసెల త్రిప్పును. ఆయనది హింస, నాది దయ యనుకొంటినేమో! కాని ఆయన యింటి చూరుకు జొన్నకంకుల గుత్తి వ్రేలాడుట చూచితిని. అడుగగా, "రాయి పిట్టకు తగలొద్దు సారూ, చప్పుడు తగలాలె" అనెను. చేను ఆయన కాయకము. దానిని కాచుకొనుట ఆయన ధర్మము. కాచుకొన్న పంటలోనుండి ఒక గుత్తి చూరుకు కట్టుట ఆయన దాసోహము. కాయకము లేని దాసోహము పరుల సొమ్ముతో పెట్టిన విందు. దాసోహము లేని కాయకము ఒట్టి సంపాదన. ఈ రెండును ఆయన చేతిలో కలిసి యున్నవి.

చివరి విషయము మితము. ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యపుగింజలను ఏరుకొనుటయే కాయకముగా గల శరణుడు. ఒకనాడు అవసరమునకు మించి తెచ్చెనని ఆయన ధర్మపత్ని లక్కమ్మ ఆ బియ్యమును తిరిగి అక్కడనే పోసి రమ్మని పంపెనని మన మెఱుగుదుము. రాలిన గింజ నేరుకొని, దాచక ఎగిరిపోవు పిచ్చుక ఆ మారయ్యను తలపించును. లక్కమ్మ మితము వడ్డించువాడు నేర్వవలసినది. పుణ్యము కొఱకు బస్తాలు కుమ్మరించినచో ఎలుకలు చేరును, రెట్టలు పేరుకొనును, రోగములు వ్యాపించును. ముంబయి నగరమున పావురములకు మేతవేయు కబూతర్‌ఖానాలను ప్రజారోగ్యము పేరిట మూయించుట, దానిపై వివాదము చెలరేగుట 2025లో చూచితిమి. అతి అయినచోట దయయే తగవులకు మూలమగును.

కావున నేను నేర్చుకొన్నదిది. చలి తిరిగివచ్చిన దినములలో ఉదయమొక పిడికెడు, ప్రొద్దు క్రుంకకమునుపు ఒక పిడికెడు; నూకలో, జొన్నలో, కొఱ్ఱలో. ఉప్పు కలిసినదియు, పులిసిన అన్నమును వలదు. లోతులేని మూకుడులో నీరు ఏ పూట కాపూట మార్చవలెను. చల్లిన తావు ఊడ్చి శుభ్రముగా నుంచవలెను. పిల్లి పొంచియుండు చోటు దగ్గర లేకుండ చూడవలెను. ఊరికి పోవుచో పొరుగువారికి అప్పగించి పోవలెను. కాకి వచ్చినచో దానికిని ఒక ప్రక్క చల్లవలెను. శివరాత్రి దాటి, ఎండ ముదిరి, పురుగు మరల మేల్కొన్నపుడు గింజలు క్రమముగా తగ్గించి మానివేయవలెను. నీటిమూకుడు మాత్రము ఎండాకాలమంతయు నుంచవలెను. చూచుట పాపమని నా భావము గాదు. చూచినవానికే వాని యవసరము తెలియును. చూచుట కొఱకే పెట్టుట, చూచుట విసుగైనపుడు మానుట, ఇవి తగవు.

ఈ యేడు శివరాత్రి మఱునాడు గింజలు తగ్గించితిని. నాలుగైదు దినములకు పిచ్చుకలు చాలవఱకు చెదరి పోయినవి. పెరడు బోసిపోయినది. మా తల్లి చూచి, "పోయినయా? మంచిగైంది. వాటికి బయట దొరుకుతున్నట్టుంది" అని తన పనిలో పడెను. నా మనస్సు చివుక్కుమన్నది. పెట్టుట కంటె, అక్కఱ తీరినపుడు వదలుకొనుటయే నాకు కష్టమైనది. దాసోహమున నేనింకను ఎంత నేర్వవలసి యున్నదో ఆ బోసిపోయిన పెరడే చెప్పుచున్నది.

శరణు శరణార్థి.