తెర పెద్దదయింది

మా చెల్లెలి కాపురం అమెరికాలో, మిన్నెసోటా రాష్ట్రంలో. నిరుడు చలికాలంలో నేనక్కడ నెల్లాళ్ళున్నాను. ఓ శుక్రవారం రాత్రి మా మరిది గరాజులో బోల్టులూ, వైర్లూ ముందేసుకుని కూర్చున్నాడు. మంచుమీద పరుగెత్తే బండి ఉంటుంది చూశారూ, స్నోమొబైలని, దానికున్న చిన్న జీపీయస్ పీకేసి పెద్దది బిగిస్తున్నాడు.

"చిన్నదానికేమొచ్చింది?" అన్నాను.

"లావు గ్లవుజులతో దాని బటన్లు నొక్కలేం వదినా. గ్లవుజు తీస్తే వేళ్ళు కొంకర్లు పోతాయి. ఆ కుదుపుల్లో అంత చిన్న తెర కనబడనూ కనబడదు" అన్నాడు.

చలికి దాని లోపలి బ్యాటరీ తొందరగా నీరసిస్తుందని బండి బ్యాటరీ నుంచే వైరు లాగాడు. హేండిలు తిప్పినప్పుడు తెగకుండా కాస్త వదులుంచాడు. అదురు తగలకుండా అడుగున రబ్బరు ముక్క. ఇంట్లో మేకు కొట్టమంటే రెణ్ణెల్లు పట్టే మనిషికి ఇంత శ్రద్ధ ఎక్కణ్ణించి వచ్చిందో! (ఈ మాట మా చెల్లెలిది లెండి.)

అతను చేపలకి వెళ్ళేది మిల్ లాక్స్ సరస్సుకి. రెండు వందల చదరపు మైళ్ళకు పైనే ఉంటుంది. చలికాలంలో అదంతా గడ్డకడితే, ఆ గడ్డకి కన్నం తొలిచి గాలం వేసుకు కూర్చుంటారు. గాలి లేచి మంచు ఎగిసిందా, ఒడ్డెటో ఆకాశమెటో తెలీదు. అప్పుడు వచ్చిన దారి చూపించేది ఆ యంత్రమే.

"చిన్నదున్నప్పుడు ఒడ్డు కనబడేంత దూరంలోనే ఉండేవారు. ఇహ ఎంత దూరం పోతారో!" అంది చెల్లెలు కాఫీ అందిస్తూ.

ఆ మాట నన్ను రాత్రంతా వదల్లేదు. క్షేమం కోసం కొనుక్కున్న వస్తువు ఉన్న భయం కాస్తా పోగొడితే, క్షేమం పెరిగినట్టా, తరిగినట్టా? ఇరవై వేల కిలోమీటర్ల పైనున్న ఉపగ్రహాల సాయంతో మనమెక్కడున్నామో ఆ తెర చెబుతుంది. కాళ్ళ కింద గడ్డ ఎంత మందమో చెప్పదు. మనిషి నడవాలంటే కనీసం 4 అంగుళాలు, ఈ బండికైతే 5 నుంచి 7 ఉండాలని అక్కడి ప్రభుత్వ శాఖ చెబుతుంది. ఇక్కడ అడుగు మందం ఉన్న గడ్డ నాలుగడుగులవతల పల్చబడొచ్చు. గాలికి పగుళ్ళు విచ్చుతాయి కూడా. పొద్దుట వచ్చిన దారి తెరమీద గీతలా భద్రంగానే ఉంటుంది, సాయంత్రానికి సరస్సు మీద ఉంటుందని నమ్మకం లేదు.

ఈ బెంగ మా చెల్లెలి ఒక్కదానిదే కాదు. కెనడా ఉత్తరాన ఇగ్లూలిక్ అనే ఊళ్ళో ఇన్యుయిట్ వేటగాళ్ళు గాలి చెక్కిన మంచుగట్ల తీరు చూసి దిక్కు పోల్చుకునేవారు. వాళ్ళ చేతికి జీపీయస్ వచ్చాక ఏం జరిగిందన్న దానిమీద 2005లో ఒక పరిశోధన అచ్చయింది. యంత్రం తిన్నటి గీత గీస్తుంది. ఆ గీత పల్చటి గడ్డ మీదుగా పోతోందని పసిగట్టాల్సింది మాత్రం మనిషే. అలాగని యంత్రాన్ని ఆడిపోసుకోలేను. మంచుతుఫానులో ఇల్లు చేరినవాడి భార్యనడిగితే దాని విలువ చెబుతుంది.

మా చెల్లెలు ఈ వేదాంతం జోలికి పోలేదు. పొద్దున్నే ఫ్రిజ్ మీద కాగితం అంటించి, "ఏ ఒడ్డు నుంచి ఎటు వెడతారో, ఎన్నింటికి వస్తారో రాయండి. గడ్డ పొడిచి చూసే గునపం పెట్టుకున్నారా?" అంది. అతను నవ్వుతూనే రాశాడు. రాత్రి ఎనిమిదికని.

ఏడున్నర నుంచీ ఇద్దరం కిటికీ దగ్గరే. బండి చప్పుడయ్యేసరికి ఎనిమిదీ ఇరవై.

"ఇరవై నిమిషాలు" అంది చెల్లెలు, చేపల సంచీ అందుకుంటూ.