గాంభీర్యం నుంచి ఆర్భాటానికి: విలాస వాహనాల విషయంలో పాతకొత్తల విచారణ

ఉపోద్ఘాతం

హైదరాబాదులోని చౌమహల్లా ప్రాసాదంలో పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారు ఒకటి ప్రదర్శనలో ఉంది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కోసం తయారైన ఈ వాహనం వయసు నూరేళ్లు దాటింది. నేటి సాధారణ కుటుంబ కారుకున్న వేగం గాని, చల్లదనం గాని, భద్రత గాని దానికి లేవు. అయినా సందర్శకులు దాని ముందు ఆగి చూస్తారు. ఇది రాజరికపు ఆకర్షణ మాత్రమే అనుకోవచ్చు. కాని 1980ల నాటి మెర్సిడెస్ బెంజ్ కారు ముందు కూడా ఇలాగే ఆగేవారున్నారు. దాని వెనుక ఏ సింహాసనమూ లేదు.

కొలవదగిన ప్రతి అంశంలోనూ మెరుగుపడిన వస్తువు మనసుకు తక్కువగా నచ్చడం సాధ్యమేనా? సాధ్యమైతే ఆ లోపం చూసేవారిదా, వస్తువుదా? ఈ ప్రశ్న అభిరుచికి సంబంధించినదిగా కనిపించినా దాని మూలం నైతికమైనదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. విచారణకు అలంకారశాస్త్ర పరిభాషను ఆధారంగా తీసుకుంటుంది. వస్తువును మెచ్చుకునేటప్పుడు దానికి మనం గుణాలను ఆపాదిస్తాం. గుణాలను వర్గీకరించి పరీక్షించడంలో ఆ శాస్త్రానికి దీర్ఘానుభవం ఉంది.

విలాసం: పదం, గుణం

నేటి తెలుగులో ‘విలాసం’ ఖరీదైన సుఖానికి పర్యాయపదం. లేఖ మీద రాసే చిరునామాకు కూడా అదే మాట. నాట్యశాస్త్ర సంప్రదాయంలో దాని అర్థం వేరు. పదవ శతాబ్దికి చెందిన ధనంజయుడు దశరూపకంలో నాయకుని సాత్త్విక గుణాలు ఎనిమిదింటిని పేర్కొన్నాడు. వాటిలో విలాసం ఒకటి. తొణకని నడక, నిలకడగల చూపు, చిరునవ్వుతో కూడిన మాట దాని లక్షణాలు. దానితోపాటే గాంభీర్యం, స్థైర్యం చెప్పబడ్డాయి. లోపల ఎంత కదలిక ఉన్నా బయటికి వికారం కనబడకపోవడం గాంభీర్యం. ఇక్కడ విలాసం అంటే ఉన్నదాన్ని చూపించుకోవడం కాదు, ఉన్నదాన్ని మోయగలగడం.

పాత విలాస వాహనాలు ఈ అర్థానికి దగ్గరగా ఉండేవి. 1958లో డేవిడ్ ఓగిల్వీ రోల్స్ రాయిస్ కోసం రాసిన ప్రసిద్ధ ప్రకటన ఆ కారు నిశ్శబ్దాన్నే ప్రధాన గుణంగా ఎత్తి చూపింది. వేగంగా పోతున్నప్పుడు కూడా లోపలి గడియారపు చప్పుడే పెద్దదిగా వినబడుతుందన్నది దాని సారాంశం. శక్తిని నిశ్శబ్దంగా మార్చి చూపడం గాంభీర్యమే. అయితే ఆ నిరాడంబరత కూడా అమ్మకపు సరుకేనన్న సంగతి మరువరాదు. సంపద ప్రదర్శన ద్వారా గౌరవాన్ని కొనుక్కోవడాన్ని థార్‌స్టెయిన్ వెబ్లెన్ 1899లోనే విశ్లేషించాడు. పాత కారు ఆ విమర్శకు అతీతం కాదు. కాకపోతే దాని ప్రదర్శన గొంతు తగ్గించి సాగింది.

కాలంతో ఒప్పందం

1975 నుంచి 1999 వరకు మెర్సిడెస్ బెంజ్ రూపకల్పన విభాగానికి సారథ్యం వహించిన బ్రూనో సాక్కో రెండు సూత్రాలను పాటించాడు. ఒకే కాలంలో వచ్చే నమూనాలన్నీ ఒకే కుటుంబానికి చెందినట్లు కనబడాలన్నది మొదటిది. కొత్త తరం కారు వచ్చినంత మాత్రాన దానికి ముందు తరం కారు కాలం చెల్లినట్లు కనబడరాదన్నది రెండవది. ఈ రెండవ సూత్రం పైకి సౌందర్య నియమం, లోపల ఒక మాట. నిన్న కొన్నవారిని రేపటి నమూనాతో చిన్నబుచ్చబోమని తయారీదారు ఇచ్చే మాట అది. 1979లో వచ్చి 1991 వరకు తయారైన ఎస్ క్లాస్ కారు, 1980ల నడుమ వచ్చి 1995లో పుణె నుంచి భారతీయ రోడ్ల మీదికి కూడా చేరిన ఇ క్లాస్ తరం కారు ఈ దృష్టితో రూపొందినవే.

ఆ మాట నిలబడటానికి వాడిన పదార్థాలూ తోడ్పడ్డాయి. కొయ్య, తోలు, లోహం వాడుకతో వన్నె తేలతాయి. ఇంట్లో తరతరాలుగా ఊగిన టేకు ఉయ్యాల బల్ల అంచు నున్నబడినట్లే, ఇత్తడి బిందె తోమినకొద్దీ మెరిసినట్లే, వాటి మీద కాలం చేసిన గుర్తు మరకగా కాక చరిత్రగా మిగులుతుంది. తెర అలా కాదు. 2000ల తొలినాళ్లలో అబ్బురంగా కనిపించిన దారిచూపే తెర నేడు పాత సెల్‌ఫోనులా కనబడుతుంది. అదే కారులోని తలుపు పిడికి ఆ దుర్గతి పట్టలేదు. కారు ఆయుష్షును ఎలక్ట్రానిక్ సామగ్రి ఆయుష్షుతో ముడివేయడం వల్ల, పెద్దరికం రావలసిన వయసులో వస్తువుకు ముసలితనం వస్తోంది.

మాఘుడు రమణీయతను క్షణక్షణమూ కలిగే నవ్యతతో ముడిపెట్టాడు. ఆ నవ్యత వస్తువు మారడం వల్ల వచ్చేది కాదు. మారని పర్వతాన్నే మళ్లీ చూసినప్పుడు చూపులో పుట్టేది. ఏటా కొత్త నమూనా విడుదల చేసే మార్కెట్టు ఇచ్చే నవ్యత దీనికి విరుద్ధమైనది. అది నిన్నటి వస్తువును పాతబరచి తాను కొత్తదవుతుంది. మొదటిది వస్తువులో లోతు ఉంటే గాని సాధ్యం కాదు. రెండవదానికి లోతుతో పని లేదు, క్యాలెండరు చాలు.

తెరలు, ఔచిత్యం

పదకొండవ శతాబ్దపు క్షేమేంద్రుడు ఔచిత్యాన్ని కావ్యానికి ప్రాణంగా భావించాడు. హారం ఎంత విలువైనదైనా నడుముకు కడితే నవ్వు పుట్టిస్తుందన్నది ఆయన వాదం. అలంకారం దోషమయ్యేది తన స్వభావం వల్ల కాదు, తప్పు చోట చేరడం వల్ల.

2021లో వచ్చిన మెర్సిడెస్ ఇక్యూఎస్ కారులో ఐచ్ఛికంగా లభించిన గాజు ఫలకం డ్యాష్‌బోర్డు ఈ కొస నుంచి ఆ కొస వరకు పరచుకుంటుంది. దాని వెడల్పు 141 సెంటీమీటర్లు. 2022 నాటి బీఎండబ్ల్యూ 7 సిరీస్‌లో వెనుక కూర్చున్నవారి కోసం 31.3 అంగుళాల తెర పైకప్పు నుంచి దిగుతుంది. సాంకేతికంగా ఇవి గొప్ప సాధనలే. ప్రశ్న ఔచిత్యానిది. కారు నడిపేవారి కన్ను రోడ్డు మీద ఉండాలి. చేతితో తడిమి పోల్చుకోగల మీట కంటిని రోడ్డు మీదనే ఉంచుతుంది. తెర కంటిని తనవైపు తిప్పుకుంటుంది.

స్వీడన్‌కు చెందిన ‘వి బిలెగరె’ పత్రిక 2022లో ఈ తేడాను కొలిచింది. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో పోతూ నాలుగు మామూలు పనులు చేయడానికి పట్టే కాలాన్ని లెక్కించింది. మీటలున్న 2005 నాటి వోల్వో వి70 కారులో ఆ పనులు పది సెకన్లలో ముగిశాయి. ఆ లోగా కారు 306 మీటర్లు ప్రయాణించింది. బీఎండబ్ల్యూ ఐఎక్స్‌లో అదే పనులు ముగిసేసరికి కారు 928 మీటర్లు పోయింది. కొన్ని ముఖ్యమైన పనులకు విడి మీటలు ఉంటేనే 2026 నుంచి అత్యున్నత శ్రేణి ఇవ్వాలని ఐరోపా భద్రతా పరీక్షా సంస్థ యూరో ఎన్‌క్యాప్ ఆ తరువాత నిర్ణయించింది. పాత కారంటే ఇష్టపడేవారు కేవలం మనోభావంగా చెప్పిన ఫిర్యాదు ఇక్కడ ప్రమాణమైంది. అభిరుచి కొన్నిసార్లు తర్కం కంటే ముందుగా లోపాన్ని పసిగడుతుందనడానికి ఇది నిదర్శనం.

యజమాని, అద్దెదారు

సంపన్న దేశాల్లో విలాస వాహనాలను నిర్ణీత కాలానికి లీజు తీసుకుని, గడువు తీరాక తిరిగి ఇచ్చేయడం సర్వసాధారణం. అటువంటి మార్కెట్టులో మొదటి మూడేళ్ల మెరుపు మీదనే తయారీదారుకు ఆసక్తి ఉండటం సహజం. ఇరవయ్యో ఏట ఆ కారును ఎవరు, ఎలా బాగుచేసుకుంటారన్నది ఎవరి బాధ్యతా కాకుండా పోతుంది.

2022లో బీఎండబ్ల్యూ సంస్థ కొన్ని దేశాల్లో కారు సీటు వెచ్చదనాన్ని నెలవారీ చందాకు ఇవ్వజూపింది. వేడిచేసే సామగ్రి కారులో ముందే అమర్చి ఉంటుంది. చందా కడితే సాఫ్ట్‌వేర్ దాన్ని పని చేయిస్తుంది. విమర్శలు వచ్చాక 2023లో సంస్థ ఆ సీటు పథకాన్ని విరమించుకుంది. వ్యవహారం చిన్నదే. అది లేవనెత్తిన ప్రశ్న చిన్నది కాదు. తన ఇంటి అరుగు మీద కూర్చోవడానికి రుసుము చెల్లించవలసి వస్తే ఆ ఇల్లు ఎవరిది? కొన్నవారిని అద్దెదారుగా మార్చే వస్తువు ఎంత సుఖమిచ్చినా దర్జా ఇవ్వలేదు. తెలుగు వాడుకలో దర్జా అనే మాటలో ఒకరి ముందు చేయి చాపనక్కరలేని స్థితి అంతర్భాగం.

ఆక్షేపణలు, సమాధానాలు

ఈ వాదానికి ఎదురయ్యే ఆక్షేపణలు బలమైనవి. మొదటిది, మిగిలినవాటిని మాత్రమే చూసి తీర్పు చెప్పడం. నాటి నాసిరకం కార్లు తుక్కుగా మారిపోయాయి. మంచివి మాత్రమే కంటికి కనబడుతున్నాయి. పైగా మంచివీ నిర్దోషాలు కావు. 1990ల తొలి సగంలో వచ్చిన కొన్ని మెర్సిడెస్ నమూనాల్లో ఇంజన్ తీగల పైతొడుగు కొన్నేళ్లకే పెళుసుబారి రాలిపోయింది.

రెండవది భద్రత. అమెరికాలోని రహదారి భద్రతా బీమా సంస్థ 2009లో 1959 నాటి షెవర్లే బెల్ ఎయిర్‌ను, 2009 నాటి షెవర్లే మాలిబూను ఎదురెదురుగా ఢీకొట్టించింది. దృఢంగా కనిపించిన పాత కారులో ప్రయాణికుల గది నలిగిపోయింది. కొత్త కారులో ఆ గది నిలిచింది. పాత కారు దృఢత్వం కొంతవరకు కంటికి కలిగే భ్రాంతి. ప్రాణరక్షణ ముందు సౌందర్యం తలవంచవలసిందే. కాబట్టి పాతదే మేలన్న సర్వసామాన్య తీర్పు నిలవదు. కాళిదాసు మాళవికాగ్నిమిత్ర ప్రస్తావనలో సూత్రధారుని చేత చెప్పించిన సమాధానం ఇక్కడ స్మరణీయం. కృతికి ప్రాచీనత యోగ్యతా కాదు, నవీనత దోషమూ కాదు. పరీక్షే ప్రమాణం. అయితే ఈ సూత్రం రెండు వైపులా పదునున్నది. పాత వస్తువు పట్ల మోహాన్ని ఎంత ఖండిస్తుందో కొత్త నమూనా పట్ల మోహాన్నీ అంతే ఖండిస్తుంది.

మూడవ ఆక్షేపణ అన్నిటికంటే లోతైనది. ఒకప్పుడు విలాసమైనవి నేడు సామాన్యుడి హక్కులయ్యాయి. చక్రాలు బిగుసుకోకుండా ఆపే బ్రేకు వ్యవస్థ 1978లో మెర్సిడెస్ ఎస్ క్లాస్‌లో ప్రవేశించింది. 2019 నాటికి అది భారతదేశంలో కొత్త కార్లన్నిటికీ తప్పనిసరైంది. డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ కూడా అదే ఏడాది తప్పనిసరైంది. సుఖం, భద్రత అందరికీ అందుతున్నకొద్దీ ఖరీదైన కారుకు తన ప్రత్యేకత చాటుకునే చోటు తగ్గిపోయింది. అందుకే ముందు జాలీ పెద్దదైంది, దీపాలు గీతలు గీస్తున్నాయి, తెరలు పెరిగాయి. ఈ దృష్టితో చూస్తే విలాస వాహనపు ఆకర్షణ తగ్గడం ఒక మంచి పరిణామానికి పడిన నీడ. గాంభీర్యం పోయిందని విచారించేవారు ఆ గాంభీర్యం కొద్దిమందికే పరిమితమై ఉండిందన్న సంగతిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఈ ఆక్షేపణను అంగీకరించినప్పుడే అసలు ప్రమాదం స్పష్టమవుతుంది. పై నుంచి కిందికి వచ్చేవి సద్గుణాలే కావు. ఎయిర్‌బ్యాగ్ దిగివచ్చిన మెట్ల మీదుగానే తెర కూడా మధ్యతరగతి కారులోకి దిగింది. చందా పద్ధతి, విప్పి బాగుచేయడానికి వీలులేని నిర్మాణం అదే దారిలో రాగలవు. ధనికుడు విసుగు పుడితే కారు మార్చుకోగలడు. వాయిదాల మీద కొని, చాలా ఏళ్లు నడిపి, ఆ తరువాత మరొకరికి అమ్ముకోవలసిన సామాన్యుడికి ఆ వెసులుబాటు లేదు. రెండవ, మూడవ చేతిలోకి వెళ్లిన కారును ఊరి మెకానిక్ బాగుచేయగలగడం అతని బతుకుతెరువుకు సంబంధించినది. అందువల్ల విలాస వాహనపు నాణ్యతా చర్చ ధనికుల ముచ్చటగా మిగలదు.

ముగింపు

కొత్త విలాస వాహనం తక్కువగా ఆకర్షించడానికి కారణం అందులో ఏదో కొరవడటం కాదు, అది తన వినియోగదారుతో పెట్టుకునే సంబంధం మారడం. పాత కారు మేలైన నమూనాల్లో మూడు మర్యాదలు కనిపిస్తాయి. నడిపేవారి దృష్టిని లాక్కోకపోవడం మొదటిది. కొన్నవారి స్వాధీనాన్ని గౌరవించడం రెండవది. రేపటి నమూనా కోసం నిన్నటిదాన్ని అవమానించకపోవడం మూడవది. ఈ మూడూ సాంకేతిక ప్రగతికి విరుద్ధం కావు. ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారులో మీటలు ఉండరాదన్న నియమమేదీ లేదు. విద్యుత్తుతో నడిచే కారు ఇరవై ఏళ్లు గౌరవంగా ముదరరాదన్న నియమమూ లేదు.

కాబట్టి పాత కారు పట్ల కలిగే ఇష్టాన్ని గతంలోకి తిరిగిపోవాలన్న కోరికగా కొట్టిపారేయడం తొందరపాటు. దాన్ని పూర్తిగా నమ్మడమూ తొందరపాటే. ఆ ఇష్టాన్ని సాక్ష్యంగా స్వీకరించి, పరీక్షించి, అందులోని మోహాన్ని విడదీస్తే మిగిలేది భవిష్యత్తు వస్తువులపై న్యాయమైన ఒక కోరిక. చౌమహల్లాలోని సిల్వర్ ఘోస్ట్‌ను తిరిగి రోడ్డెక్కించాలని ఎవరూ అనరు. అయితే నేడు తయారవుతున్న కారు ముందు నూరేళ్ల తరువాత ఎవరైనా ఆగుతారా అన్న ప్రశ్నకు సమాధానం దాని తెర పరిమాణంలో దొరకదు.