మోడా, మనిషా?

ఎవరి గురించో మాట్లాడుకుంటూ ఉంటాం, ఇంతలో ఆ మనిషే గుమ్మంలో ప్రత్యక్షమవుతాడు. "నీకు నూరేళ్ళాయుష్షు, ఇప్పుడే నీ మాట అనుకుంటున్నాం" అంటాం. అన్నం తింటూ పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని పెద్దవాళ్ళు నెత్తి మీద తడతారు. ఇల్లంతా గాలించినా దొరకని తాళంచెవి, అంతకుముందు పదిసార్లు వెతికిన సొరుగులోనే మర్నాడు కనబడుతుంది. ఏళ్ళ తరబడి తలపుకు రాని చిన్ననాటి స్నేహితుడు కలలోకి వచ్చిన రోజే అతని దగ్గర్నుంచి ఫోను వస్తుంది. ఇలాంటివి జరగని ఇల్లు ఉండదు. పెద్దగా లాభమూ నష్టమూ లేని సంగతులు గనుక నవ్వుకుని వదిలేస్తాం. అయితే వదిలేసేముందు చాలామందిమి ఒక పని చేస్తాం: జరిగినదానికి ఏదో ఒక పేరు పెట్టేస్తాం. భక్తుడు దైవలీల అంటాడు, హేతువాది భ్రమ అంటాడు, ఇద్దరికీ అక్కడితో పని అయిపోతుంది. ఆ తొందర మీదే నా అభ్యంతరం. కారణం తెలియని చిన్న వింతను, ఆధారం దొరికేదాకా తెలియనిదిగానే ఉంచుకోవడం బుద్ధికి ఎంత అవసరమో భక్తికీ అంతే అవసరమని నేను అనుకుంటున్నాను.

తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహంతోనే ఈనాటికీ దేశమంతటా న్యాయశాస్త్రపు చదువు మొదలవుతుంది. యథార్థం కాని అనుభవాన్ని ఆయన మూడుగా విడదీశాడు: సంశయం, విపర్యయం, తర్కం. మసక వెలుతురులో దూరంగా నిలువుగా ఏదో కనబడితే "మోడా, మనిషా?" అనిపించడం సంశయం. ముత్యపుచిప్పను చూసి ఇది వెండి అని తేల్చేసుకోవడం విపర్యయం. మొదటిదాంట్లో రెండు ఆలోచనలు ఒకే వస్తువును పట్టుకుని ఉంటాయి, మనసు ఇంకా ఎటూ తేల్చుకోలేదు. రెండోదాంట్లో తేల్చుకుంది, తప్పుగా తేల్చుకుంది. చీకట్లో కనబడిన ఆకారం దయ్యమని తేల్చుకున్నవాడు పరుగెత్తుతాడు. వట్టి మోడేనని తేల్చుకున్నవాడు అటు తిరిగి పడుకుంటాడు. లాంతరు పట్టుకుని దగ్గరికి వెళ్ళేది ఏమిటో తెలియనివాడు ఒక్కడే. సంశయాన్ని కూడా అన్నంభట్టు లోపమున్న జ్ఞానాల జాబితాలోనే వేశాడు కదా, దానికి ఇంత పెద్దపీట ఎందుకని శాస్త్రం చదివినవాళ్ళు అడుగుతారు. నిజమే, వేశాడు. కానీ ఈ శాస్త్రానికి మూలమైన గౌతముడి న్యాయసూత్రాలు 16 పదార్థాలను, అంటే తెలుసుకోవలసిన అంశాలను, లెక్కపెడుతూ ప్రమాణం, ప్రమేయం తర్వాత మూడోదిగా సంశయాన్నే నిలబెట్టాయి. బొత్తిగా తెలియని విషయం మీదగానీ, ముందే నిర్ణయమైపోయిన విషయం మీదగానీ విచారణ సాగదు, సందేహం ఉన్నచోటే సాగుతుందని వాత్స్యాయనుడు ఆ సూత్రాల భాష్యంలో వివరించాడు. జ్ఞానంగా చూస్తే సంశయం అసంపూర్ణమే. విచారణలోకి వెళ్ళాలంటే మాత్రం దాన్ని దాటుకునే వెళ్ళాలి.

దీనికి గత శతాబ్దంలో ఒక మంచి ఉదాహరణ ఉంది. 1963లో, నేటి టాంజానియాలోని ఒక పాఠశాలలో పిల్లలు ఐస్‌క్రీం చేసుకుంటున్నారు. పాలు కాచి, చక్కెర కలిపి, చల్లారాక ఫ్రీజరులో పెట్టాలి. ఫ్రీజరులో చోటు తక్కువ. ఒక కుర్రవాడు పాలు కాచకుండానే చక్కెర కలిపి గిన్నె లోపల పెట్టేశాడు. చోటు పోతుందేమోనని ఎరాస్టో ఎంపెంబా అనే విద్యార్థి తన వేడి పాలను చల్లారనివ్వకుండానే పెట్టేశాడు. గంటన్నర తర్వాత తీసి చూస్తే ఎంపెంబా పాలు గడ్డకట్టాయి, రెండోవాడివి ఇంకా చిక్కటి ద్రవంగానే ఉన్నాయి. వేడివి ముందు ఎలా గడ్డకట్టాయని మాస్టారిని అడిగితే, నువ్వేదో పొరబడ్డావు, అలా జరగదు అన్నాడాయన. పై చదువులో న్యూటన్ శీతలీకరణ నియమం పాఠం దగ్గర మళ్ళీ అడిగితే, అది ఎంపెంబా భౌతికశాస్త్రం, లోకంలో చెల్లేది కాదని ఇంకో మాస్టారు ఎగతాళి చేశాడు. ఆ తర్వాత దారెస్సలాం నుంచి డెనిస్ ఆస్‌బోర్న్ అనే ఆచార్యుడు ఆ బడికి వస్తే ఎంపెంబా అదే ప్రశ్న వేశాడు. తోటి పిల్లలు నవ్వారు. ఆస్‌బోర్న్‌కూ నమ్మకం కలగలేదు, అయినా వెనక్కి వెళ్ళి ప్రయోగం చేయించాడు. చేసిన టెక్నీషియన్ వేడినీళ్ళే ముందు గడ్డకట్టాయని చెప్పి, సరైన ఫలితం వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ చేస్తూనే ఉంటామన్నాడట! ఎంపెంబా, ఆస్‌బోర్న్ కలిసి 1969లో దాన్ని పత్రంగా ప్రచురించారు. ఈ వింత అరిస్టాటిల్ కాలం నుంచీ గ్రంథాల్లో ఉన్నదే.

ఇక్కడితో ఆపితే ఇది ఒక బడిపిల్లవాడి విజయగాథ అవుతుంది. కానీ కథ ఇంకా ఉంది. 2016లో బరిడ్జ్, లిండెన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు జాగ్రత్తగా కొలిచి చూసి, నీళ్ళ విషయంలో ఈ ప్రభావం ఉందనడానికి తగిన ఆధారం లేదన్నారు. థర్మామీటరు కాస్త పైనో కిందో ఉన్నా ఫలితం తారుమారవుతోందని చూపించారు. 2020లో కెనడాలో కుమార్, బెక్‌హోఫర్ నీళ్ళతో కాకుండా అతి సూక్ష్మమైన కణాలతో చేసిన ప్రయోగంలో అలాంటి ప్రభావాన్ని స్పష్టంగా చూశారు. నీళ్ళ సంగతి ఇంకా వాదనలోనే ఉంది. నా దృష్టిలో ముఖ్యమైనది ఇదే. రేపు ఎంపెంబా పొరబడ్డాడని తేలినా ఆ మాస్టర్లు చేసింది ఒప్పు కాదు, ఎందుకంటే వాళ్ళు కొలవలేదు. ఆస్‌బోర్న్ చేసింది తప్పు కాదు, ఎందుకంటే ఆయన కొలిచాడు. వింత నిజమా అబద్ధమా అన్నది ఒక ప్రశ్న, దానితో మనం ఎలా నడుచుకున్నామన్నది వేరే ప్రశ్న. మొదటిది మన చేతుల్లో లేదు.

యాదృచ్ఛికం అనే సమాధానానికి మన దగ్గర ఎప్పటినుంచో ఒక పేరుంది, కాకతాళీయం. కాకి వాలిన క్షణంలోనే తాటిపండు రాలింది, కాకి వాలడం వల్ల రాలలేదు. తలుచుకున్న మనిషి రావడానికి ఇదే గట్టి సమాధానమని నేనూ ఒప్పుకుంటాను. రోజులో ఎంతమందిని తలుచుకుంటామో లెక్కలేదు, తలుచుకున్నా రానివాళ్ళను ఎవరూ గుర్తుపెట్టుకోరు. వచ్చిన ఒక్కణ్ణే పదేళ్ళు చెప్పుకుంటాం. ఇంత పెద్ద లెక్కలో అప్పుడప్పుడు ఇలా కలవకపోతేనే ఆశ్చర్యపడాలి. అయితే ఈ సమాధానం చాలా సంఘటనలను కలిపి చూస్తుంది, ఎదురుగా ఉన్న ఈ ఒక్కదాన్ని పరీక్షించదు. వచ్చినాయన బండి చప్పుడు వీధి మలుపులోనే చెవిన పడి ఉండవచ్చు. చప్పుడు విన్నామని మనసుకు తెలియకముందే ఆయన ఊసు నాలుక మీదికి వచ్చి ఉండవచ్చు. అలాగైతే ఇది కాకతాళీయమే కాదు, చక్కని కారణం ఉన్న సంగతి. యాదృచ్ఛికమని ముందే కొట్టిపారేసినవాడికి ఆ కారణం ఎప్పటికీ దొరకదు. దైవసంకల్పం అన్నవాడికీ అంతే.

తెలియదు అనడం ఒక శాశ్వత నివాసం కాకూడదు, అది కూడా చెప్పాలి. 1995 సెప్టెంబరు 21న తెల్లవారకముందే ఢిల్లీలోని ఒక గుడిలో వినాయకుడు పాలు తాగుతున్నాడన్న మాట పుట్టింది. సాయంత్రానికల్లా దేశమంతా, విదేశాల్లోని గుళ్ళలోనూ చెంబులతో, చెంచాలతో వరసలు కట్టారు. చెంచా అంచును తొండానికి ఆనించి కొద్దిగా వంచితే పాలు తరిగిపోయేవి. ప్రభుత్వ శాస్త్రవేత్తలు పాలలో రంగు కలిపి పట్టారు. తలతన్యత వల్ల పాలు చెంచా నుంచి రాతి మీదికి లాగబడి, పలుచని పొరగా విగ్రహం ఒంటి మీదుగా కిందికి జారడం రంగుతో కనబడింది. పాల సంగతి అక్కడితో తేలింది, ఇప్పటికీ దాన్ని తెలియని విషయం అనడం మొండితనమే. కానీ ఆ రోజు తేలనిది ఇంకొకటి ఉంది. జనం చేతుల్లో మొబైల్ ఫోన్లు లేని కాలంలో ఒక మాట ఒక్క రోజులో ఖండాలు ఎలా దాటింది? అంతమంది పనులు మానుకుని ఎందుకు కదిలారు, ఏం చూడాలని కదిలారు? మూఢత్వం అన్న ఒక్క ముక్కతో ఈ ప్రశ్నను మూసేశారు. పాలకు ఇచ్చినంత శ్రద్ధ మనుషులకు ఇవ్వలేదు.

చిన్న వింతకు పేరు పెడితే ఏం పోయిందని ఎవరైనా అనవచ్చు. ప్రాణాలు పోయిన చోట్లు మన మధ్యే ఉన్నాయి. పల్లెలో ఒక ఇంట్లో పాడి ఆవు ఉన్నట్టుండి చచ్చిపోతుంది. నెల తిరక్కుండా పిల్లవాడికి జ్వరం వస్తుంది, మందులకు లొంగదు. ఒకరోజు పొద్దున వాకిట్లో కోసిన నిమ్మకాయ, కుంకుమ కనబడతాయి. దేనికదే విడిగా చూస్తే మామూలు కారణాలు ఉండగలవు, కానీ భయపడిన మనసుకు అన్నిటికీ కలిపి ఒక్క కారణం కావాలి. డాక్టరు ఇంకా తెలియలేదు, పరీక్షలు చేయాలంటాడు. భూతవైద్యుడు క్షణంలో చెప్పేస్తాడు, చేతబడి అని. కారణం దొరికాక చేసినవాళ్ళు కావాలి. ఊరి చివర ఒంటరిగా బతికే ముసలిదాని మీదికో, వీళ్ళతో పొలంగట్టు తగాదా ఉన్నవాడి మీదికో వేలు వెళుతుంది. చేతబడి, బాణామతి అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు రెండు తెలుగు రాష్ట్రాల పత్రికల్లోనూ చదువుతూనే ఉన్నాం. తెలియనిదాన్ని తెలియనిదిగా ఉంచితే ఇలాంటివాళ్ళకు తలుపు తీసినట్టే అని హేతువాద మిత్రులు అంటారు. వాళ్ళ ఆందోళన న్యాయమైనదే, కానీ వాళ్ళు దోషిని తప్పుగా గుర్తించారు. భూతవైద్యుడు అమ్మేది సందేహం కాదు, నిశ్చయం. ఇంకా తెలియదు అనే మాటను పది రోజులు ఓర్చుకోగలిగిన ఇంట్లో అతనికి బేరం ఉండదు. ఇక ఆ పిల్లవాడి తల్లికి ఇదంతా నీ భ్రమ అని చెబితే ఏం ప్రయోజనం? ఆవు చావు భ్రమ కాదు, బిడ్డ జ్వరం భ్రమ కాదు. ఆమెతో కూర్చుని, తెలిసేదాకా కలిసి ఆగగలిగినవాళ్ళు కావాలి.

భక్తుల వైపు నుంచి వచ్చే బలమైన ఆక్షేపణ గీతది. నాలుగో అధ్యాయం 40వ శ్లోకంలో సంశయాత్ముడు నశిస్తాడని, అతనికి ఈ లోకమూ లేదు పరలోకమూ లేదని కృష్ణుడు చెప్పాడు కదా? చెప్పాడు. కానీ అదే శ్లోకం అజ్ఞానాన్ని, శ్రద్ధ లేకపోవడాన్ని కూడా సంశయం పక్కనే పెట్టింది. తెలుసుకోవాలన్న శ్రద్ధే లేని సందేహం గురించి ఆ మాట. దానికి ఆరు శ్లోకాల ముందు, తెలిసినవాళ్ళ దగ్గరికి వెళ్ళి మళ్ళీ మళ్ళీ ప్రశ్నించమని ఆయనే చెప్పాడు. అధ్యాయం ముగించే 42వ శ్లోకంలో సంశయాన్ని జ్ఞానమనే కత్తితో నరకమన్నాడు. జ్ఞానంతోనే నరకమన్నాడు గానీ, చేతికి దొరికిన నమ్మకంతో కప్పేయమనలేదు. అసలు గీత పుట్టిందే అర్జునుడి సందేహం నుంచి.

వింతలో దేవుణ్ణి చూడటం భక్తుడి హక్కు కాదా అన్నది చివరి ప్రశ్న. బస్సు తప్పిపోయింది, కొన్ని గంటల తర్వాత ఆ బస్సే ప్రమాదానికి గురైందని తెలిసింది. దేవుడే కాపాడాడని చేతులు జోడించినవాళ్ళను నేను ఏమీ అనను, ఆ కృతజ్ఞత నిజమైనది. కానీ అదే మాటను జరిగినదానికి కారణంగా చెబితే దాని బరువు మారిపోతుంది. అప్పుడు బస్సెక్కినవాళ్ళను దేవుడు వదిలేశాడని కూడా ఒప్పుకోవాలి, వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి చెప్పలేని మాట అది. దండం పెట్టడానికి కారణం తెలిసి ఉండాల్సిన పని లేదు. మన సంప్రదాయంలో పెద్దవాళ్ళు వింతల మీద భక్తిని కట్టలేదు. పతంజలి యోగసూత్రాల మూడో పాదంలో యోగశక్తులైన సిద్ధులను వరసగా చెబుతూ, అవి సమాధికి అడ్డంకులని మధ్యలోనే హెచ్చరించాడు. బౌద్ధ గ్రంథమైన దీఘనికాయంలోని కేవట్టసుత్తంలో కేవట్టుడనే గృహస్థు, భిక్షువుల చేత అద్భుతాలు చేయిస్తే నాలందా జనానికి మీ మీద ఇంకా విశ్వాసం పెరుగుతుందని బుద్ధుణ్ణి పదేపదే వేడుకున్నాడు. బుద్ధుడు ఒప్పుకోలేదు. ఆయన చెప్పిన కారణం ఇదీ: ఒక భిక్షువు గాలిలో ఎగిరాడని నమ్మేవాడు నమ్మనివాడికి చెబితే, నమ్మనివాడు అదేదో గాంధారీ విద్యలే అని తేలిగ్గా కొట్టిపారేస్తాడు. అద్భుతం చూసినా ముందు నమ్మినవాడు నమ్మికలోనే ఉంటాడు, నమ్మనివాడు తన మాట మీదే ఉంటాడు. అందుకే బుద్ధుడు ఆ దారి విడిచి, ఎలా ఆలోచించాలో, ఎలా ఆలోచించకూడదో మనుషులకు బోధించడమే తాను మెచ్చే ప్రాతిహార్యం, అంటే అద్భుతం, అన్నాడు.