గట్టు దారిలో ముందెవరు నడవవలెను?

ధ్యాన భాగము: ఆదికాండము 33:12–14



మన కోనసీమలో దారులు రెండు విధములు. రావులపాలెము నుండి కొత్తపేట మీదుగా అమలాపురమునకు పోవు తారు రోడ్డు ఒక విధము. బస్సులు, లారీలు, మోటారు సైకిళ్లు దాని మీద తెల్లవారినది మొదలు పరుగెత్తుచునే యుండును. ఏటిగట్టు దారి, కాలువ గట్టు దారి రెండవ విధము. ఇవి అనేక చోట్ల నేటికిని ఎర్ర గ్రావెలు దారులే. ఒక ప్రక్క గోదావరి పాయ లేక కాలువ, మరియొక ప్రక్క కొబ్బరి తోట, అరటి తోట, వరి చేను. మోటారు రొద లేనందున సైకిలు త్రొక్కువానికి పిట్ట కూతయు, నీటి చప్పుడును వినబడును.

ఈ దినములలో పట్టణముల వారు కొందరు ఈ నెమ్మది కొరకే సైకిళ్లతో వచ్చి గట్ల మీద తిరుగుచున్నారు. పని లేని ప్రయాణము వ్యర్థము కాదా అని మన పెద్దలు కొందరు అడుగుదురు. అది వ్యర్థమని నేను చెప్పజాలను. అడవి పువ్వులను ఆలోచించి చూడుడని ప్రభువే శిష్యులకు సెలవిచ్చెను. చూడవలెనన్న నిదానించవలెను గదా. దేవుడు చేసిన దానిని చూచి సంతోషించుట పాపము కాదు. అయితే ఆ సంతోషమునకు ఎవరు వెల చెల్లించుచున్నారు అనునదే మనము విచారింపవలసిన సంగతి.

ఈ గట్లు వాటంతట అవి లేచినవి కావు. సర్ ఆర్థర్ కాటన్ దొరగారు 1847లో ధవళేశ్వరము ఆనకట్ట పని ఆరంభించి 1852లో ముగించిరి. ఆనకట్టకును, కాలువలకును వేలాది కూలీలు రాయి మోసిరి, మన్ను మోసిరి. కాటన్ దొరగారి పటము మన యిండ్లలో నున్నది. ఆ గంప మోసిన స్త్రీ పేరు ఏ పుస్తకములోను లేదు. తరువాత ఆ కాలువలలో పడవలు నడచినప్పుడు, గాలి లేని వేళ మనుష్యులు గట్టు మీద నడచుచు త్రాటితో వాటిని లాగిరి. 1986 ఆగస్టులో భద్రాచలము వద్ద గోదావరి 75 అడుగులు దాటినప్పుడును, మరల 2022 జూలైలో 71 అడుగులు దాటినప్పుడును, లంకల ప్రజలు పశువులను తోలుకొని యెక్కినది ఏటిగట్టే. నేటికిని ఇల్లు కట్టుకొన సెంటు భూమి లేనివారు గట్టు వారను పాకలు వేసికొని బ్రదుకుచున్నారు. కాబట్టి నెమ్మదిగా నున్న దారి ఖాళీగా నున్న దారి కాదు.

ఇప్పుడు రెండు మాటలు వినబడుచున్నవి. గట్టు దారిని గ్రావెలుగానే యుంచి మోటారు బండ్లను రానియ్యకూడదని కొందరందురు. తారు వేసి అన్ని బండ్లను పోనియ్యవలెనని మరికొందరందురు. మొదటివారు నెమ్మదిని కోరుచున్నారు. రెండవవారు అర్ధరాత్రి నొప్పులు పడు స్త్రీని 108 బండిలో ఆసుపత్రికి చేర్చుటను తలంచుచున్నారు. ఇద్దరి మాటయు నిజమే. మరి ఎట్లు తీర్పు తీర్చవలెను?

ఏశావు నాలుగు వందల మందితో వచ్చి, ప్రయాణమై పోదము రమ్మని తమ్ముని పిలిచెను. అది బలవంతుల నడక. పిల్లలు పసివారనియు, గొఱ్ఱెలు పశువులు పాలిచ్చుచున్నవనియు, ఒక్క దినము వడిగా తోలినను మంద చచ్చుననియు యాకోబు బదులు చెప్పెను. తన ముందర నున్న మందల నడకను బట్టియు, పిల్లల నడకను బట్టియు మెల్లగా వచ్చెదననెను. యాకోబు అప్పటికే తొడ కుంటుచున్నవాడు. అయినను తన కుంటును గూర్చి చెప్పలేదు, పిల్లలను గూర్చి చెప్పెను. శేయీరునకు వచ్చెదనన్న మాటను అతడు నిలుపుకొనలేదు, సుక్కోతునకు మరలెను. అది వేరు సంగతి. పిల్లల నడకను గూర్చి అతడు పలికినది మాత్రము సత్యము.

దారికి తగిన ధర్మము ఇదే: ఆ దారిలో అందరికంటె బలహీనుడెవడో వాని నడకయే కొలత కావలెను. వేరు దారి లేని లంక గ్రామములో ఆ బలహీనురాలు నొప్పులు పడు తల్లి. ఆమె కొరకు బండి పోవలెను. మన విహారము కొరకు ఆమె దారి గతుకులుగా నుండవలెనని కోరుట న్యాయము కాదు. తారు రోడ్డు ఇదివరకే యున్న చోట బలహీనులు గడ్డిమోపు మోయు ముసలమ్మయు, సైకిలు మీద బడికి పోవు బాలికయు. అక్కడ గట్టును కాలినడకకును సైకిళ్లకును విడిచిపెట్టుట మేలు. బరువైన ఇసుక లారీలచే గట్టు క్రుంగినయెడల వరదనాడు ఊరంతయు నష్టపడును గదా. ఇంగ్లండు దేశములో పూర్వము గుర్రములు పడవలను లాగిన కాలువ గట్ల మీద ఇప్పుడు జనులు సైకిళ్లు త్రొక్కుచున్నారు. అక్కడ కూడ మొదట త్రోవ ఇయ్యవలసినది నడచువారికే.

ప్రియులారా, ఈ సంగతి మనకు మరి యెక్కువగా తెలిసియుండవలెను. మన తాతల దినములలో అనేక గ్రామములలో కొందరు పెద్ద వీధులకు వచ్చినప్పుడు చెప్పులు చేత పట్టుకొనవలెను, సైకిలు దిగి నడిపించుకొని పోవలెను. ఆ అవమానము పడలేక ఊరి వెలుపలి పుంతలలోను, గట్ల మీదను చుట్టు తిరిగి పోయిన వారున్నారు. న్యాయాధిపతులు 5:6లో రాజమార్గములు పాడుపడి ప్రయాణస్థులు చుట్టు త్రోవలను నడచిన దినములను గూర్చి చదువుచున్నాము. ఆ వచనము మనవారికి వ్యాఖ్యానము లేకయే అర్థమగును. వారికి గట్టు దారి అందమైనది గనుక ప్రియము కాలేదు. సైకిలు మీద కూర్చుండి తల యెత్తి పోగలిగిన దారి గనుక ప్రియమైనది. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము, 15వ అధికరణములో, కులమును బట్టి బావి, చెరువు, రోడ్డు ఎవరికిని అడ్డగింపరాదని నిర్ణయించినది.

సైకిలు దిగవలసివచ్చిన తాత మనుమడు నేడు మోటారు సైకిలు మీద వచ్చి హారను మ్రోగించుచున్నాడు. ముసలమ్మ మోపుతో గట్టు వాలునకు దిగి నిలువవలసివచ్చుచున్నది. ఇది క్రొత్త పెద్ద వీధి కాదా? తనను దింపినవానిని మరచిపోయినవాడు ఇతరులను దింపుటకు సందేహింపడు.

గనుక సంఘస్థులమైన మనము చేయదగినవి కొన్ని యున్నవి. గట్టు మీద నడచువారు కనబడినప్పుడు బండి నిదానించి, అవసరమైతే ఆపి, వారిని పోనియ్యుడి. కొబ్బరి డొక్కలు, పెంట, గడ్డిమేటు దారికి అడ్డముగా వేయకుడి. దారి మన పొలము వైపు ఇరుకుగా నున్నదని గట్టు త్రవ్వి కలుపుకొనకుడి. పైనుండి వచ్చిన సైకిలువారు దాహమన్నయెడల మంచినీళ్లిచ్చి, వెల అడుగకుడి. గన్నవరము వద్ద వైనతేయ మీదుగా కాలువను దాటించు అక్విడక్టుకు, బాటసారులకు అన్నము పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరున్నది. ఆమె మన మతస్థురాలు కాదు. అయినను ఆ పేరు చదివినప్పుడెల్ల మన ఆతిథ్యము ఎంతటిదో మనము పరీక్షించుకొనవచ్చును.

వచ్చువారును ఒక మాట జ్ఞాపకముంచుకొనవలెను. మీకు అది చూడదగిన స్థలము, అక్కడ బట్టలుతుకు తల్లికి అది వాకిలి. వాకిట్లో నుండి పోవువాడు ఎట్లు పోవునో అట్లు పొండి.

మన ప్రభువు గుఱ్ఱమెక్కి రాలేదు. ఎమ్మాయు దారిలో ఇద్దరు దుఃఖితుల ప్రక్కను వారి నడకను బట్టి నడచెను. ఆ దారిలో ఆయన వారిని తొందరపెట్టలేదు. ఆయన మనలను కూడ మన నడకను బట్టి నడిపించుచున్నాడు గనుకనే మనము ఇంతవరకు వచ్చితిమి. అట్టి ఓర్పు మన గట్ల మీదను, మన ఇండ్లలోను కనబడును గాక. ఆమేన్.