సర్వాంగ సామర్థ్యము

ఒక్క విద్యయందు అద్వితీయుడైనవానిని లోకము మెచ్చుకొనును. అన్నిటను కొంత కొంత నేర్చినవానిని చూచి, ఏదియు పూర్తిగా రానివాడని నవ్వును. ఈ నవ్వు ఎంతవరకు న్యాయమో విచారించుటకు అమెరికా దేశమున ఏటేట జరుగుచున్న యొక పందెము మంచి యాధారముగా నున్నది. దానిని క్రాస్‌ఫిట్ క్రీడలందురు.

2007వ సంవత్సరమున కాలిఫోర్నియాలోని ఆరోమస్ అను చిన్న యూరియొద్ద నొక పశువుల క్షేత్రమున ఇది మొదలయ్యెను. పరీక్ష యేదియో ముందుగా పోటీదారులకు తెలియదు. గుండ్రని పంజరములో బంతులు వేసి త్రిప్పి, బయటికి వచ్చినవాటినిబట్టి మొదటి పరీక్షను కూర్చిరి. వేయి మీటర్ల దూరమునకు యంత్రముపై తెడ్డు వేయవలెను. పిమ్మట కమ్మిని పట్టుకొని దేహమును పైకి లాగుటయు, బరువును తలపైకెత్తుటయు అయిదు తడవలు చేయవలెను. తరువాతి సంవత్సరములలో ఈతయు, త్రాడు ప్రాకుటయు, చేతులమీద నడచుటయు, ఇసుక మూటలు మోయుటయు చేరినవి. ఒకదానిలో మొదటివాడై తక్కినవాటిలో చతికిలబడినవానికి ఇచట గెలుపు లేదు.

ఈ యూహ క్రొత్తది కాదు. ప్రాచీన గ్రీకులు పరుగు, దుముకు, చక్రము విసరుట, ఈటె విసరుట, మల్లయుద్ధము అను నైదింటిని కలిపి యొకే పందెముగా పెట్టిరి. బలమునకును వేగమునకును సమముగా దేహమమరినవారగుటచే ఈ యైదింటి క్రీడాకారులే మిక్కిలి సుందరులని అరిస్టాటిలు తన వాక్చాతుర్య శాస్త్రమున వ్రాసెను. కాని ప్లేటో పేరున ప్రచారములోనున్న 'ప్రతిస్పర్ధులు' అను చిన్న సంవాదమున దీనికి గట్టి యాక్షేపణ కలదు. అందు తత్త్వజ్ఞుని ఈ క్రీడాకారునితో పోల్చి, ప్రతి విద్యలోను రెండవవాడుగా నుండువాడని యొకడు పొగడును. అప్పుడు సోక్రటీసు, జబ్బు చేసిన దినమున ముందు వైద్యుని పిలుతువా, ఈ రెండవవానిని పిలుతువా యని యడుగును. ఓడ తుపానులో చిక్కిన వేళ నెవనిని నమ్ముదువని మరల నడుగును. నిపుణుడున్నచోట సర్వజ్ఞుడు నిరుపయోగియని తేలును.

ఈ వాదము చమత్కారమైనదేగాని, నాకు పూర్తిగా సమ్మతము కాదు. మన జీవితములో నిపుణుడు ప్రక్కనుండు గడియలెన్ని? పెరటిలో కాలుజారి పడిన ముసలి తల్లిని లేవనెత్తవలసివచ్చినప్పుడు మల్లునికి కబురంపము. నూతిలో బిడ్డ పడినప్పుడు ఈతలో బహుమానము పొందినవాడు వచ్చువరకు గట్టున నిలువము. ఆ క్షణమున దగ్గరనున్న సామాన్యునికి ఏపాటి బలము, ఏపాటి యూపిరి యున్నదో యదియే యక్కరకు వచ్చును. నిపుణుడు రాకమునుపటి గడియకొరకే సర్వాంగ సామర్థ్యము. గృహస్థులమైన మనకు ఇంతకంటె దగ్గరి విద్య లేదు. అయినను పరీక్షలలో తొంబది మార్కులు తెచ్చుకొని రెండు బిందెల నీళ్లు మోయలేని కుమారుని చూచి మనము గర్వపడుచునే యున్నాము.

ఈ క్రీడలలో నాకు నచ్చిన మరియొక విషయము: మొదటి యేట గెలిచిన పురుషునకు 500 డాలర్లీయగా, గెలిచిన స్త్రీకిని అంతియే యిచ్చిరి. ఆస్ట్రేలియా వనిత టియా క్లేర్ టూమీ 2025 నాటికి ఎనిమిది మారులు ప్రథమస్థానమును గెలుచుకొన్నది. బరువెత్తిన స్త్రీ సౌకుమార్యము కోల్పోవునని బెదరించు పెద్దలు, రోకటిపోటు వేసిన తమ యవ్వల భుజములను మరచిరి కాబోలు.

ఇంతవరకు మెచ్చుకోలు. ఇక చిక్కు వచ్చుచున్నది.

2024 ఆగస్టు 8వ తేదీన టెక్సాసులోని ఫోర్ట్‌వర్తు నగరమున మొదటి పరీక్షగా మూడున్నర మైళ్ల పరుగును, వెంటనే చెరువులో 800 మీటర్ల ఈతను పెట్టిరి. ఆ యీతలో సెర్బియా దేశీయుడు లాజార్ జూకిచ్ మునిగి చనిపోయెను. అతనికి 28 ఏండ్లు. ఆనాటికి పోటీ నాపిరి. మరునాడు మరల సాగించిరి. కొందరు క్రీడాకారులు వైదొలగిరి, కొందరు నిలిచిరి.

తెలిసియే దిగినవానికి ఎవరేమి చేయగలరని కొందరందురు. ఏ పరీక్ష పెట్టినను సిద్ధమని యతడు ముందే యొప్పుకొనెను గదా! ఈ మాటలో నొక మోసము దాగియున్నది. అతడొప్పుకొన్నది తెలియని పరీక్షకు. కాపులేని పరీక్షకు కాదు. పరుగెత్తి యలసిన దేహము నీటిలో నెట్లుండునో పోటీదారుడు ఊహింపకపోయినను, పరీక్ష పెట్టినవాడు ఊహింపవలెను. ఏది యెదురైనను సిద్ధముగా నుండుమని యితరులనడుగువానికి, తానును అట్లే సిద్ధముగా నుండవలసిన ఋణము కలదు. ఆ ఋణము రూకలతో తీరదు. నీటిమీదనుండి తొలగని కన్నులతోను, క్షణములో చేరు చేతులతోను తీరును. తోడి యీతగాండ్రను నేను నిందింపను. ముఖము నీట నుంచి ముందుకు సాగువానికి ప్రక్కవాడు కనబడడు.

మరునాడు పోటీ సాగించుట సరియా? మృతునికి గౌరవముగా సాగించితిమని చెప్పుట సులభము. ఏడాది పొడుగున శ్రమించినవారి యాశ, కొనిన టిక్కెట్లు, కుదుర్చుకొన్న యేర్పాట్లు, ఇవన్నియు నిజమే. నిలిచినవారు నిర్దయులని నేననను. దుఃఖించుచునే బరువెత్తినవారును వారిలో నుందురు. కాని వారు నిలువవలెనా మానవలెనా యను ప్రశ్నను, ఒక్క రాత్రి గడువులో, శోకముతో తలవంచియున్న యువకుల నెత్తిన నుంచుట నాకు తప్పుగా తోచుచున్నది. ఆ నిర్ణయము పరీక్ష పెట్టినవారు తామే చేసి, పోటీని మానివేసి యుండవలసినది. అట్లు చేసియున్నచో ఆ యేట విజేత లేకపోవును. 2007లో పశువుల క్షేత్రమున మొదలైన యాటకు ఒక యేడు విజేత లేకున్న నష్టమేమి?