వృద్ధుల దిగులు ఈమాన్ లోపమా?



బ్రతుకుతెరువు కోసం మన తుని స్టేషన్‌లో రైలెక్కి విశాఖపట్నానికో, హైదరాబాదుకో వెళ్తున్న బిడ్డలు ఎందరో! హలాల్ సంపాదన కోసం ప్రయాణించడం పుణ్యకార్యమే. కాని ఇంట్లో మిగిలిపోయిన తల్లిదండ్రుల మనసు సంగతి ఏమిటి?

మస్జిదులో ముందు వరుసలో నిలబడే ఒక పెద్దాయన భార్య చనిపోయాక నమాజుకు రావడం మానేశారు. మేము వెళ్ళి పలకరించాము. నిద్ర పట్టడం లేదనీ, అన్నం సహించడం లేదనీ చెప్పారు. "సబర్ చేయండి చాచా, విశ్వాసికి దిగులు తగదు" అని చెప్పి లేచి వచ్చేశాము. ఆయన తల వంచుకున్నారు.

మేము చేసిన పొరపాటు దివ్యఖుర్‌ఆన్‌లోని యూసుఫ్ సూరా (12:84-86) చదువుతుండగా తెలిసివచ్చింది. కుమారుని ఎడబాటుతో దుఃఖించి దుఃఖించి హజ్రత్ యాఖూబ్ (అ) కళ్ళు తెల్లబడిపోయాయి. ఇలా తలచుకుంటూనే కృశించిపోతారంటూ కొడుకులు ఆయన్నే తప్పుపట్టారు. ఆయన మాత్రం తన వేదనను అల్లాహ్‌కే మొరపెట్టుకున్నారు. దైవప్రవక్తే అంతగా దుఃఖించినప్పుడు, దుఃఖం ఈమాన్ లోపం ఎలా అవుతుంది? ఓదార్చవలసిన చోట మందలించడమే లోపం. ఆనాడు మేమూ ఆ కొడుకుల మాటే మాట్లాడాము.

క్రీ.శ. 630లో మక్కా విజయం నాడు హజ్రత్ అబూబక్ర్ (రజి) తమ వృద్ధ తండ్రిని దైవప్రవక్త (స) సన్నిధికి తీసుకువచ్చారు. పెద్దాయన్ను ఇంట్లోనే ఉండనిస్తే తామే వెళ్ళేవారమని ప్రవక్త (స) అన్నారు. మక్కాను జయించిన మహనీయులు వృద్ధుని గుమ్మానికి వెళ్ళడానికి సిద్ధపడ్డారు. మనకేమో పక్కవీధి దూరమైపోయింది!

డెబ్బై ఏళ్ళు దాటినవారిలో సుమారు 14 శాతం మంది మానసిక రుగ్మతతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒంటరితనం దానికి ఒక ముఖ్య కారణం. దిగులు వారాల తరబడి వదలకపోతే అది వైద్యం కావలసిన జబ్బు. దుఆతోపాటు దవా కూడా సున్నతే. 2022లో ప్రారంభమైన ప్రభుత్వ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా సలహా ఇస్తారు.

దూరాన ఉన్న బిడ్డలారా! డబ్బుతోపాటు రోజూ మీ గొంతు కూడా పంపండి. ఇంటి విషయాల్లో వారి సలహా అడగండి. యువకులారా! అస్ర్ నమాజు తర్వాత ఒక ఇంటి తలుపు తట్టండి.

మరుసటి జుమా తర్వాత మేము మళ్ళీ చాచా దగ్గరికి వెళ్ళాము. ఈసారి బోధించడానికి కాదు, వినడానికి. మగ్రిబ్ అజాన్ వరకు ఆమె గురించే చెప్పారు. తర్వాత మాతోపాటు లేచి, వుజూకు నీళ్ళు అడిగారు.

అల్లాహ్ మన పెద్దల మనసులకు నెమ్మదినీ, మనకు వారిని వినే ఓర్పునూ ప్రసాదించుగాక! ఆమీన్.