గది పేరు మారింది, తలుపు సంగతేంటి?

2020 జూన్‌లో హ్యూస్టన్ రియల్టర్ల సంఘం తమ లిస్టింగుల్లో ‘మాస్టర్ బెడ్‌రూమ్’ తీసేసి ‘ప్రైమరీ బెడ్‌రూమ్’ అని పెట్టింది. జార్జ్ ఫ్లాయిడ్ హత్య జరిగి అప్పటికి నెలరోజులు. ఫ్లాయిడ్ పెరిగిన ఊరు కూడా హ్యూస్టనే. ‘మాస్టర్’ అంటే బానిసల యజమాని గుర్తొస్తున్నాడన్నది అభ్యంతరం.

వెంటనే రెండు రకాల నవ్వులు వినిపించాయి. ‘మాస్టర్స్ డిగ్రీ పేరు కూడా మార్చేస్తారా?’ అన్నది మొదటిది. రెండోది చేదు నవ్వు. గది పేరు కాదు సమస్య, నల్లవాళ్ళకి వాళ్ళు కొనగలిగిన ఇళ్ళన్నీ ఏజెంట్లు చూపించకపోవడమే సమస్య అని గాయకుడు జాన్ లెజెండ్ అన్నాడు. నా మొగ్గు రెండో వైపే. కానీ అంతటితో మాటల గొడవ తేలిపోదు.

చరిత్ర తవ్వినా తేలదు. ‘మాస్టర్ బెడ్‌రూమ్’ అన్న మాట 1926 నాటి సియర్స్ కేటలాగులో మొదట కనిపించిందని చెప్తారు. అప్పటికి అమెరికాలో బానిసత్వం రద్దయి అరవయ్యేళ్ళు. అంటే తోటల బంగళాల్లోంచి నేరుగా దిగిన మాట కాకపోవచ్చు. అయితే ఒకరి చెవికి గుచ్చుకుంటుంటే ‘నీకలా వినపడకూడదు’ అనడానికి ఆ కేటలాగు చాలదు. మాట పుట్టిన చోటు వేరు, తగిలే చోటు వేరు.

నన్ను ఎక్కువగా ఆపింది ఇంకో సంగతి. 1924లో అమెరికా రియల్ ఎస్టేట్ బోర్డుల జాతీయ సంఘం తన నీతి నియమావళిలో ఒక నియమం పెట్టుకుంది. ఎవరి రాకవల్ల ఆస్తుల విలువ పడిపోతుందో అలాంటి జాతులవాళ్ళని ఆ పేటలోకి తీసుకురాకూడదు. ఇదీ దాని సారాంశం. అందులో ఒక్క తిట్టు లేదు. ‘ఆస్తి విలువ’ అనే మాటకి ఎవరు నొచ్చుకుంటారు? తరాల తరబడి మనుషుల్ని పేట బయట ఆపడానికి ఆ మర్యాదైన మాట సరిపోయింది. 1968 చట్టం వచ్చాకే ఇళ్ళ ప్రకటనల్లో జాతి, మతం బట్టి ఎంచుకోవడం నిషిద్ధమైంది. ఆ సంఘం వారసులు పాత విధానాలకి క్షమాపణ చెప్పింది 2020 నవంబర్లో. హ్యూస్టన్‌లో గది పేరు మారిన ఐదు నెలలకి.

ఇదంతా మనకెందుకు? ‘మాస్టర్ బెడ్‌రూమ్’ మన బ్రోచర్లలోనూ ఉంది గానీ, మన చెవికి అందులో యజమాని వినపడడు. అటాచ్డ్ బాత్‌రూమ్ ఉన్న పెద్ద గది, అంతే. మనకి వినపడాల్సిన మాట అదే ప్లాన్‌లో ఇంకో మూల ఉంటుంది. ఆమధ్య హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ బ్రోచర్‌ని తెలుగు చేసే పని నాకొచ్చింది. ‘సర్వెంట్ రూమ్’ అని ఉన్నచోట ‘పనిమనిషి గది’ అని రాశాను. మార్కెటింగ్ అబ్బాయి ఫోన్ చేశాడు. “బాలేదండీ, హెల్పర్ రూమ్ అని పెట్టండి, ఇప్పుడందరూ అదే వాడుతున్నారు” అన్నాడు. పెట్టాను. ఆ గది ఆరడుగులకి ఏడు. దారి యుటిలిటీలోంచి. ప్లాన్‌లో కిటికీ గుర్తు లేదు. పేరు మారాక కూడా కొలతలు అవే.

‘కాలనీ’ సంగతి చూడండి. హైదరాబాద్‌లో కాలనీ అంటే గౌరవమైన అడ్రసు. కమాను, పార్కు, వెల్ఫేర్ అసోసియేషన్. చాలా ఊళ్ళలో ‘కాలనీవాళ్ళు’ అంటే ఎవరో విడమరిచి చెప్పక్కర్లేదు. మాలపల్లె, మాదిగపల్లె అన్నచోట హరిజనవాడ వచ్చింది, తర్వాత ఎస్సీ కాలనీ వచ్చింది. ఊరికీ వాడకీ మధ్య దూరం తగ్గలేదు కాబట్టి, ప్రతి కొత్త మాటా కొన్నాళ్ళకి పాతదాని బరువే మోసింది. ప్రభుత్వ రికార్డుల్లోంచి ‘కాలనీ’ తీసేస్తామని 2025లో తమిళనాడు ప్రకటించడం వెనక ఉన్నదీ ఈ బరువే.

మరి పేర్లు మార్చడం దండగా? 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభ ‘పంచమ’ అన్న పేరు వద్దనుకుని ‘ఆది ఆంధ్ర’ అని పెట్టుకుంది. ‘హరిజన’ పేరేమో పైవాళ్ళు ఇచ్చింది. ఈ తేడా నాకు చాలా ముఖ్యం. మాట ఎవరిమీద పడుతోందో వాళ్ళు వద్దంటే, మార్చేయడమే. అక్కడ నా వాదన అనవసరం, నాకు పోయేదేం లేదు. పోయేదేం లేని మార్పు దగ్గరే ఆగిపోతున్నామా అన్నది వేరే ప్రశ్న.

మన టూలెట్ బోర్డుల మీద ‘వెజిటేరియన్స్ ఓన్లీ’ అని ఉంటుంది. కులం పేరు లేదు, మతం పేరు లేదు. ఫోన్ చేస్తే “ఇంటిపేరేంటండీ? ఏ ఊరు మీది?” అని మెత్తగా అడుగుతారు. ముస్లిం పేరు చెప్తే “అయ్యో, నిన్ననే ఎవరో అడ్వాన్స్ ఇచ్చారండీ” అంటారు. ఇందులో మార్చాల్సిన మాట ఏది? ప్రైవేటు అద్దె ఇళ్ళ విషయంలో అమెరికా 1968లో చేసినలాంటి సమగ్ర చట్టం మనకి లేదు.

నా స్నేహితుడొకడు, ఇల్లు దొరక్క నెలల తరబడి తిరిగినవాడు, అంటాడు: “బోర్డు ఉంటేనే నయం రా. లేకపోతే మూడంతస్తులు ఎక్కి, ఓనరమ్మ చేత లేదనిపించుకుని దిగాలి.”

దానికి తేలిగ్గా జవాబు చెప్పలేను. కానీ ఆ బోర్డు వాడొక్కడి కోసం లేదు. ఆ వీధిలో బడికెళ్ళే పిల్లలూ రోజూ చదువుతారు, ఇలా రాయడం మామూలేనని నేర్చుకుంటారు. చట్టం బోర్డు తీయిస్తే ఓనరు మనసు మారదు, నిజమే. ఓనరు అబద్ధం చెప్పాల్సొస్తుంది. చట్టం ఉన్నచోట ఆ అబద్ధాన్ని పట్టుకోవచ్చు. అమెరికాలో ఒకే ఇంటికి తెల్లవాళ్ళనీ నల్లవాళ్ళనీ విడివిడిగా పంపి ఎవరికేం చెప్పారో పోల్చి చూస్తారు. అలా వెళ్ళి అబద్ధం విన్నవాళ్ళకి కేసు వేసే హక్కుందని 1982లో వాళ్ళ సుప్రీంకోర్టు చెప్పింది.

అందుకే మాటలు మార్చేవాళ్ళని చూసి నవ్వను. రెండే అడుగుతాను: మార్చమన్నది ఎవరు? మాటతోపాటు ఇంకేం మారింది? హెల్పర్ రూమ్ అని రాసిన బిల్డరు దానికో కిటికీ పెట్టిన రోజున, ఆ పేరు నేను సంతోషంగా తెలుగు చేస్తాను.